టోకెన్ ధర పెరిగింది సరే, అమ్మి చూశారా?

ప్రశ్న: ఓ చిన్న క్రిప్టో టోకెన్ ధర రాత్రికి రాత్రే మూడింతలైంది. వాల్యూమ్ (చేతులు మారిన మొత్తం) కూడా భారీగా ఉంది. ఎవరైనా కావాలని పెంచుతున్నారేమో పసిగట్టే యాప్ ఉందా?

జవాబు: టోకెన్ పేరు మారుతోంది తప్ప ఈ ప్రశ్న ఆగడం లేదు. ముందు ఆ వాల్యూమ్‌ను పక్కన పెట్టండి. ఒకే మనిషి రెండు వాలెట్లతో (క్రిప్టో ఖాతాలతో) తనకు తానే అమ్ముకున్నా ఆ అంకె పెరుగుతుంది. వాష్ ట్రేడింగ్ అంటే ఇదే. ఎక్స్ఛేంజీలు చూపించే బిట్‌కాయిన్ వాల్యూమ్‌లో దాదాపు 95 శాతం నకిలీదేనని 2019లో బిట్‌వైజ్ అనే క్రిప్టో పెట్టుబడుల సంస్థ అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి లెక్కలు చూపించింది. బిట్‌కాయిన్ పరిస్థితే అలా ఉంటే ఊరూపేరూ లేని టోకెన్ల సంగతి చెప్పాలా? డబ్బు తీసుకుని ఇలా వాల్యూమ్ పెంచిపెట్టేవాళ్ల కోసం ఎఫ్‌బీఐ ఏకంగా ఓ టోకెన్ తయారుచేసి వల పన్నింది. 2024లో ఆ కేసు బయటపడింది.

ఎక్స్ఛేంజీలో ఆర్డర్ బుక్ తెరవండి, అంటే ఏ ధరకు ఎంత కొంటామని, అమ్ముతామని ఆర్డర్లు ఉన్నాయో చూపే జాబితా. రోజు వాల్యూమ్ లక్షల డాలర్లు చూపిస్తూ, వెయ్యి డాలర్ల అమ్మకానికే ధర పది శాతం జారిపోయేలా ఉంటే అనుమానించాల్సిందే. ధర దగ్గరికి రాగానే పెద్ద కొనుగోలు ఆర్డర్ మాయమవడం, కొద్ది సెకన్లకోసారి ఒకే సైజు ట్రేడ్‌లు పడటం కూడా అంతే. బ్లాక్‌చెయిన్ లావాదేవీలన్నీ చూపే ఎక్స్‌ప్లోరర్ సైట్‌లో అమ్మకాలు చూడండి. అందరూ కొనేవాళ్లే, అమ్మినవాళ్లు ఒకరిద్దరేనా? అలాగైతే మీకూ అమ్మే వీలు ఉండకపోవచ్చు. 2021లో స్క్విడ్ టోకెన్ 2,800 డాలర్లు దాటింది. కొన్నవాళ్లలో చాలామంది అమ్ముకోలేకపోయారు. ధర నిమిషాల్లో సున్నాకు చేరింది.

నా టెన్షన్ మాత్రం మీరు అడిగిన యాప్ గురించే. పైన చెప్పిన సమాచారమంతా ఎవరైనా చూడగలిగేదే. అలాంటప్పుడు 'పంప్ (కావాలని ధర పెంచడం) కనిపెడతాం' అనే యాప్‌కు మీ వాలెట్ ఎందుకు, మీ సంతకం ఎందుకు? అన్‌లిమిటెడ్ అప్రూవల్ (ఒక రకం టోకెన్లను ఎన్నైనా తీసుకునే అనుమతి) ఒక్కసారి ఇస్తే, ఆ యాప్ వెనకున్న కాంట్రాక్టు అనే ప్రోగ్రామ్ మీ వాలెట్‌లోని ఆ టోకెన్లను ఎప్పుడైనా లాగేసుకోవచ్చు. ఇంత ప్రమాదకరమైన అనుమతిని అర్థంకాని అక్షరాల గుంపుగా చూపించి, కింద మెరిసే 'కన్ఫర్మ్' బటన్ పెట్టే వాలెట్ డిజైనర్లను ఏమనాలి? పైగా వాల్యూమ్‌ను బట్టి 'ట్రెండింగ్' జాబితా ఒకటి! మోసగాళ్లకు ఉచిత ప్రచారం.

ఇప్పటికే అలాంటి యాప్‌కు కనెక్ట్ అయ్యుంటే, డిస్‌కనెక్ట్ నొక్కితే సరిపోదు. అప్రూవల్ అలాగే ఉంటుంది. కొంత గ్యాస్ ఫీజు (లావాదేవీ రుసుము) పోయినా దాన్ని రివోక్ చేయండి, అంటే రద్దు చేయండి. వాలెట్‌కు అసలు తాళంచెవి అయిన సీడ్ ఫ్రేజ్‌లోని 12 లేదా 24 పదాలు ఇచ్చేసి ఉంటే రివోక్ కూడా పనికిరాదు. కొత్త సీడ్ ఫ్రేజ్‌తో వేరే వాలెట్ తెరిచి, మిగిలినదంతా వెంటనే అందులోకి మార్చేయండి.