‘అచ్చం ఆయనలాగే వాయిస్తున్నావు’ అంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 27. వయొలిన్ వాయిస్తాను. కచేరీల్లో పక్కవాద్యం, పెళ్లిళ్లు, అప్పుడప్పుడు స్టూడియో రికార్డింగులు, పనికైతే లోటు లేదు. కానీ ఎవరు విన్నా ‘అచ్చం ఫలానా ఆయనలా వాయిస్తున్నావయ్యా’ అంటారు. మొదట్లో పొంగిపోయేవాణ్ని, ఇప్పుడు చిరాకేస్తోంది. నాదంటూ ఒక బాణీ ఎలా వస్తుంది? ఇంకో గురువు దగ్గరికి వెళ్దామంటే ఉన్నది కూడా పోతుందేమోనని టెన్షన్.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. రోజూ ఎవర్ని వింటున్నారు? వయొలినే, అందులోనూ ఆ ‘ఫలానా ఆయన’నే అయ్యుంటారు. మరి చెవిలో ఆయనే ఉంటే కమాను ఇంకెవరి దారిన పోతుంది?

మాండొలిన్ శ్రీనివాస్ గారి సంగతి చూడండి. పాలకొల్లు కుర్రాడు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు దాన్ని తీగల మీద వెతుక్కునేవాడు. చూసి కాపీ కొట్టడానికి ఎదురుగా మాండొలిన్ వాయించే చెయ్యే లేదు, ఉన్నదల్లా గొంతు. జంట తీగల మామూలు మాండొలిన్‌లో నాదం చప్పున ఆగిపోతుంది, గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) నిలవదు. అందుకే ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, ఒంటి తీగలు, అవీ ఐదు పెట్టుకున్నారు. కొత్త బాణీ కనిపెడదామని కూర్చుంటే వచ్చింది కాదది, గొంతులో ఉన్నది వాద్యం మీద పలకట్లేదన్న ఇబ్బందిలోంచి వచ్చింది.

కాబట్టి ఓ నెల వయొలిన్ రికార్డింగులు మానేసి గాత్రం వినండి. ఒక్క కీర్తన చాలు. ముందు మీరు పాడండి (గొంతు బాగోకపోయినా సరే, ఇంట్లోవాళ్లు అలవాటు పడతారు), ఎక్కడ ఊపిరి తీసుకున్నారో అక్కడే కమాను తిప్పండి. మీకిప్పటిదాకా అలవాటైన చోట్లు సగం మారిపోతాయి.

ఇంకో పని. రోజూ మూడు నిమిషాలు మోహన రాగం ఆలాపన ఫోన్లో రికార్డు చేయండి, వినకండి. పది రోజులయ్యాక అన్నీ ఒకేసారి వినండి. ఆ ‘ఫలానా ఆయన’ దగ్గర్నుంచి తెచ్చుకున్న సంగతులు (స్వరాల మలుపులు) మీకే టక్కున తెలిసిపోతాయి, కాస్త సిగ్గుగా కూడా ఉంటుంది. వాటి మధ్య ఆయనది కానిది, మీరు మాత్రం మళ్లీ మళ్లీ చేస్తున్నది ఒకటి దొరుకుతుంది. గాంధారం (‘గ’ స్వరం) మీద అవసరానికి మించి ఆగడమో, పైనుంచి దిగేటప్పుడు బద్ధకంగా జారడమో. మీరు దాన్ని తప్పనుకుని దిద్దుకుంటూ వచ్చి ఉంటారు. శ్రుతి తప్పనంతవరకు దాన్ని దిద్దకండి, పెంచండి.

గురువు సంగతికొస్తే, భయం దేనికి? ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారు నాదస్వరం వంశంవారు, ఇక్కడ నేర్చుకున్నాక కూడా తంజావూరు బాణీ కోసం తమిళనాడు వెళ్లి మళ్లీ శిష్యుడిగా కూర్చున్నారు. ఆయన పేరేమన్నా చెరిగిపోయిందా?

ఒక్క జాగ్రత్త, ఈ ప్రయోగాలు పెళ్లి పందిట్లో వద్దు. అక్కడ అడిగింది వాయించి డబ్బులు తీసుకోండి. పక్కవాద్యంలోనూ గాయకుడి వెంట వెళ్లాల్సినప్పుడు వెళ్లాల్సిందే. ఆలాపన మీ వంతుకొచ్చినప్పుడు ఆ రెండు నిమిషాలు మాత్రం మీవి.

ఆ పెద్దాయన రికార్డింగులు డిలీట్ చేయమనను, ఓ నెల ఫోన్లో వేరే ఫోల్డర్లో పెట్టండి.