చుక్కల బొమ్మలో నాకు 21 కనిపించింది... కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 22 ఏళ్లు. మాది నర్సంపేట దగ్గర పల్లె. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతూ కంటి పరీక్ష చేయించుకున్నా. చుక్కల బొమ్మలో నాకు 21 కనిపించింది, మామూలు వాళ్లకు 74 కనిపిస్తుందట. కలర్ బ్లైండ్‌నెస్ అన్నారు. మిర్చి ఏరేటప్పుడు పండుకాయలు చెట్టుకే వదిలేస్తున్నానని అమ్మ ఎందుకు తిట్టేదో ఇప్పుడర్థమైంది. జింకలకూ చూపు ఇలాగే ఉంటుందని, అందుకే పులికి చిక్కుతాయని వీడియోలో చూశాక టెన్షన్ ఎక్కువైంది. ఆన్‌లైన్‌లో అమ్మే స్పెషల్ కళ్లజోడుతో మెడికల్ పాసవుతానా?
- ఓ పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: కళ్లజోడు కొనకండి. ఆ అద్దాలు కొందరికి కొన్ని రంగుల తేడాను కాస్త పెంచి చూపిస్తాయంతే, లోపం అలాగే ఉంటుంది. లోకో పైలట్‌కు ఏ-1 మెడికల్ కేటగిరీ కావాలి. అంటే అద్దాలు లేకుండా 6/6 చూపు ఉండాలి, రంగుల పరీక్షా నెగ్గాలి. సిగ్నల్ చూసి బండి నడిపే పని, ఇక్కడ సడలింపు ఆశించొద్దు. క్లర్కు పోస్టుల్లాంటి సి-2 కేటగిరీకి రంగుల పరీక్ష అడ్డు రాదు. నోటిఫికేషన్‌లో ఏ పోస్టుకు ఏ కేటగిరీయో రాసి ఉంటుంది, చూసుకుని అప్లై చేయండి.

వీడియోలో చెప్పింది నిజమే. రంగులను పసిగట్టే కోన్ కణాలు మనకు మూడు రకాలు, జింకకు రెండే. మనకు నారింజ రంగులో కొట్టొచ్చినట్టు కనిపించే పులి, దాని కంటికి ఆకుల్లో కలిసిపోతుంది. మీకు ఎరుపు, ఆకుపచ్చలను పట్టే కోన్లలో ఒకటి లేకనో, సరిగా పనిచేయకనో ఈ ఇబ్బంది. ఆ జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి, మగపిల్లలకు అది తల్లి నుంచే వస్తుంది. అలాగని అమ్మను తప్పుపట్టకండి. ఆమెకు రంగులు మామూలుగానే కనిపిస్తూ ఉండొచ్చు, ఇక తెలిసేదెలా?

ఇంకో సంగతి. కోస్టారికాలోని కాపుచిన్ కోతుల్లో ఒకే గుంపులో కొన్నింటికి రెండు రకాల కోన్లు, కొన్నింటికి మూడు ఉంటాయి. ఆకుల రంగులో నక్కిన పురుగులను పట్టడంలో రెండు రకాలవే ముందున్నాయని పరిశోధకులు గమనించారు. రంగుతో మభ్యపెట్టిన ఆకారాలను మీలాంటివాళ్లు గుర్తించగలరని 1992లో బ్రిటన్ పరిశోధకులూ చూపించారు. ఉద్యోగానికి పనికొచ్చే మాట కాదనుకోండి, జింకతో పోల్చుకుని కుంగిపోతున్నారని చెబుతున్నా.

2009లో అమెరికాలో స్క్విరల్ కోతులకు జన్యు చికిత్స చేసి ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలిసేలా చేశారు. మనుషుల్లో ఈ లోపానికి అలాంటి వైద్యం ఇంకా వాడుకలోకి రాలేదు. నయం చేస్తామని ఎవరైనా అంటే డబ్బు కట్టకండి.

మీది పుట్టుకతో వచ్చింది, ముదరదు. మధ్యలో రంగులు వెలిసినట్టు కనిపించడం మొదలైతే, అదీ ఒక కంట్లోనే అయితే, కథ వేరు. టీబీకి ఇచ్చే ఇథాంబుటాల్ మాత్ర కొందరిలో కంటినరాన్ని దెబ్బతీస్తుంది. ఆ మందు వాడేవాళ్లకు చూపు మసకబారినా, ఎరుపు తేలిపోయినట్టు అనిపించినా అదే రోజు డాక్టర్‌కు చెప్పాలి.

మీరు ఒక జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. మలంలో, కఫంలో రక్తం పడితే ఆ ఎరుపు మీకు తెలియకపోవచ్చు. అనుమానం వస్తే మొహమాటపడకుండా ఇంట్లోవాళ్లను చూడమనండి. రంగు మారే స్ట్రిప్‌తో చేసే మూత్ర పరీక్ష ఫలితాన్నీ ఇంకొకరితో చదివించుకోండి.