అగ్రిమెంట్ లేదు, చాటింగే ఉంది: కథ మీద హక్కు నిలుస్తుందా?

ప్రశ్న: మాది రాజమండ్రి. ఏడాదిన్నర కిందట హైదరాబాద్‌లో ఒక దర్శకుడికి కథ చెప్పాను. ఆయన అడిగితే బౌండ్ స్క్రిప్ట్ (సీన్లు, డైలాగులతో సహా పూర్తి స్క్రిప్ట్) మెయిల్ చేశాను. వాట్సాప్‌లో మార్పులు చెబుతుంటే తిరగరాసి పంపాను. టోకెన్ అడ్వాన్స్ అంటూ రూ.25,000 ఫోన్‌పే చేశారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఇప్పుడు అదే కథ వేరే రచయిత పేరుతో షూటింగ్‌లో ఉందని తెలిసింది. ఆ మెసేజ్‌లు కోర్టులో పనికొస్తాయా?

సమాధానం: పనికొస్తాయి. వాటిలో ‘సూపర్ ఉంది బ్రదర్’ లాంటి మెచ్చుకోళ్ల కంటే ‘ఇంటర్వెల్ ముందు హీరో చెల్లెలి సీన్ తీసెయ్’ లాంటి మెసేజ్‌లు వెతకండి. ఆయన మీ స్క్రిప్ట్ చదివారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అయితే పాయింట్ నచ్చి తీసుకున్నంత మాత్రాన కేసు నిలవదు. ఆలోచనకు కాపీరైట్ లేదని, దాన్ని మలిచిన తీరుకే రక్షణ అని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో చెప్పింది. కేసు వేసిన రచయిత ఆనంద్ ఓడిపోయారు కూడా. మీ చేతిలో బౌండ్ స్క్రిప్ట్ ఉంది కాబట్టి సీన్ల వరుస, పాత్రలు, మలుపులు, డైలాగులు పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

స్క్రీన్‌షాట్లు తీసుకెళ్తే చాలనుకోకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఆ ఫోన్ మార్చకండి, అమ్మకండి. డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపేయండి. వాయిస్ మెసేజ్‌లతో సహా చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. మెయిల్‌లో పంపిన ఫైల్‌ను మళ్లీ తెరిచి ‘సేవ్’ కొట్టకండి, తేదీ మారిపోతుంది. ఇప్పుడు పరుగున వెళ్లి రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించినా, దాని మీద ఉండేది ఇవాళ్టి తేదీయే. మీ మెయిల్ అంతకంటే పాతది.

అడ్వాన్స్ సంగతి కాస్త చిక్కే. డబ్బు తీసుకున్నారు కాబట్టి వాడుకోమన్నట్టేనని అవతలి లాయరు వాదిస్తారు. కానీ కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కు బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతో జరగాలి. ఫోన్‌పే రసీదు దానికి సరిపోదు. పైగా 57వ సెక్షన్ ఉంది: హక్కులు అమ్మేసుకున్నా, ఆ రచన నాదే అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. టైటిల్ కార్డులో పేరు కోసం మీరు దీని మీదే నిలబడాలి.

కాపీరైట్ చట్టం 62వ సెక్షన్ కింద మీరు నివసించే చోటి కోర్టులోనే దావా వేయవచ్చు. వాయిదా వాయిదాకూ హైదరాబాద్ వెళ్లక్కర్లేదు. రిలీజ్ ముందురోజు దాకా ఆగి స్టే అడిగితే మాత్రం కోర్టులు చిరాకు పడతాయి, ఇన్నాళ్లూ ఏం చేశావంటాయి. విషయం తెలిసింది కాబట్టి ఈ వారమే లాయర్ నోటీసు పంపించండి. అది అందేలోగా ఫేస్‌బుక్‌లో దర్శకుణ్ణి తిట్టిపోయకండి, పరువు నష్టం కేసు ఎదురొస్తుంది.

నోటీసు దర్శకుడికి ఒక్కరికే కాదు, నిర్మాతకూ వెళ్లాలి. ఆయనకు మీ సంగతి తెలియకపోవచ్చు. ఓటీటీకి అమ్మేటప్పుడు కథ హక్కులన్నీ క్లియర్‌గా ఉన్నాయని సంతకం చేయాల్సింది ఆయనే కదా, సెటిల్‌మెంట్ మాట చాలాసార్లు అటువైపు నుంచే ముందు వస్తుంది.