రుచి చూడమన్నది నిన్నే

చిత్తూరు

బుజ్జమ్మకు పెద్దమ్మ దీవించి రాయునది.

నీ మెసేజ్ చదివాను. ఫోన్లో చెప్పే సంగతి కాదు కాబట్టి కాగితం తీసుకున్నాను. చర్చిలో అందరూ లేచి దేవుడు మంచివాడని సాక్ష్యం చెబుతుంటే నువ్వూ ఆమెన్ అంటున్నావు, కానీ ఆ మంచితనం నీకెప్పుడూ తెలియలేదన్నావు. పాస్టరుగారిని అడగాలంటే భయమన్నావు. భయం దేనికే? బైబిల్లో యోబంతటి భక్తుడే శ్రమలన్నీ పడ్డాక, ఇన్నాళ్లూ నిన్ను గూర్చి వినికిడిగా విన్నాను, ఇప్పుడు కన్నులారా చూస్తున్నాను అని దేవుడితోనే అన్నాడు. విన్నదాంతో సరిపెట్టుకోకుండా అడిగినందుకు నాకు సంతోషమే.

ముందు ఆ సాక్ష్యాల సంగతి. మన దగ్గర సాక్ష్యం అంటే ఉద్యోగం, వీసా, సీటు, సంతానం, ఆపరేషను. అవి అబద్ధాలని అనను, దేవునికి స్తోత్రం. కానీ సీటు రానివాళ్లు మైకు దగ్గరికి రారు కదా! బెంగుళూరా మామిడి ధర పడిపోయి మీ నాయనకు కోతకూలి కూడా గిట్టని ఏడాది, గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలోనే కాయ మెత్తబడిపోయిన ఏడాది, ఎవరో కొత్త కారు కొన్నామని కృతజ్ఞతార్పణ కవరు ఇచ్చారని రాశావు. ఆ కారుతో దేవుడి మంచితనాన్ని కొలిస్తే మీ ఇంటికి ఏమీ మిగలదు. ఆ కొలతే తప్పు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకు వచ్చిన వాగ్దాన కార్డు 34వ కీర్తన 8వ వచనం కదా. 'యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి.' కార్డు మీద ఇంతవరకే వేస్తారు. బైబిలు తెరిస్తే ఆ వచనం ఇంకా ఉంది: 'ఆయనను ఆశ్రయించు నరుడు ధన్యుడు.' రుచి ఎట్లా చూడాలో అక్కడుంది. ఆనుకోవాలి. ఆనుకునే అవసరం పడాలి. ఆ కీర్తన దావీదు ఏ పరిస్థితి నుంచి బయటపడి రాశాడో తెలుసా? తనను చంపాలని చూస్తున్న సౌలు రాజుకు భయపడి పారిపోయి, తాను చంపిన గొల్యాతు ఊరైన గాతులోనే తలదాచుకోబోయి, అక్కడ దొరికిపోయి, గడ్డం మీద ఉమ్మి కార్చుకుంటూ పిచ్చివాడిలా నటించి తప్పించుకున్నాడు. అక్కడినుంచి అదుల్లాము గుహ. గుహకు చేరినవాళ్లెవరు? ఇబ్బందుల్లో ఉన్నవాళ్లు, అప్పులవాళ్లు, మనశ్శాంతి లేనివాళ్లు, ఇంచుమించు 400 మంది. సౌలు ఇంకా వెతుకుతూనే ఉన్నాడు. సింహాసనం ఎక్కాక చెప్పిన సాక్ష్యం కాదది. అదే కీర్తనలో నీతిమంతునికి ఆపదలు అనేకములని కూడా రాశాడు. దాన్ని ఏ కార్డు మీదా వేయరు!

ఇక నువ్వు చేయాల్సింది. ఒక నోటుపుస్తకం కొను. 'అందరినీ దీవించు ప్రభువా' అనే ప్రార్థన కాస్త పక్కన పెట్టి, రేపటికి నీకు నిజంగా కావలసింది ఒకటి, పేరు పెట్టి అడుగు. సూపర్‌వైజరు అరిస్తే నోరు జారకుండా ఉండడం కావచ్చు, నెలాఖరుకు హాస్టలు ఫీజు కావచ్చు. తేదీ వేసి రాసుకో. ఏం జరిగిందో కింద రాయి. జరగకపోతే జరగలేదనే రాయి, దేవుడి తరఫున సాకులు వెతకొద్దు.

నేను నర్సుగా చేసిన రోజుల్లో ప్రసవాల వార్డులో రాత్రి డ్యూటీ ఎక్కేముందు అడిగేది ఒకటే: తెల్లారేదాకా నాకు ఓపిక ఇయ్యి తండ్రీ. బిడ్డ బతికిన రాత్రీ ఇచ్చాడు, బతకని రాత్రీ ఇచ్చాడు. ఆ తల్లి చేయి పట్టుకుని కూర్చోగలిగాను. మైకులో చెబితే ఎవరూ చప్పట్లు కొట్టరు గానీ, దేవుడు మంచివాడని నాకు తెలిసింది అక్కడే.

కోపం వస్తే కోపంగానే ప్రార్థించు. 13వ కీర్తన చదువు, ఆరే వచనాలు. 'ఎన్నాళ్లవరకు' అని మొదలై మహోపకారములు చేశాడని ముగుస్తుంది. ఆ ముగింపు నీ నోట రాకపోతే 88వది చదువు, అది చీకటిలోనే ఆగిపోతుంది. అది కూడా బైబిల్లోనే ఉంది.

దేవుడు మంచివాడైతే కష్టాల్ని ఎందుకు ఆపలేదు అని కూడా అడిగావు. మన జిల్లావాళ్లు పెద్ద జబ్బు చేస్తే పరుగెత్తే రాయవేలూరు ఆసుపత్రి సంగతి చెబుతా. దాన్ని పెట్టిన ఐడా స్కడర్ చిన్న వయసులో తిండివనంలో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, తమ భార్యలకు కాన్పు కష్టమైందని పిలిచారు. ఆమె తండ్రి డాక్టరు, కానీ మగ డాక్టరు వద్దన్నారు. ఆమెకు వైద్యం రాదు. ఆ ముగ్గురు ఆడవాళ్లూ చనిపోయారు. ఆమె అమెరికా వెళ్లి వైద్యం చదివి 1900లో వేలూరు చేరింది, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది. ఆ మూడిళ్లకు ఆ రాత్రి దేవుడి మేలు కనబడిందని నేననను. అట్లా అనేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. కానీ ఆయన ఆ రాత్రితో ఆగిపోలేదని మాత్రం అంటాను. ఆయన మేలు చాలాసార్లు మనుషుల చేతుల్లోనుంచే వస్తుంది, కాబట్టి నీ చేతులు కూడా ఖాళీగా పెట్టుకోకు. మీ హాస్టల్లో జ్వరంతో పడుకున్న పిల్లకు గంజి కాచి ఇచ్చి చూడు.

మీ నాయనకు బైబిల్లోని హబక్కూకు గ్రంథం 3వ అధ్యాయం చివర చదివి వినిపించాలని ఉందన్నావు. చెట్లు కాయకపోయినా యెహోవాయందు ఆనందిస్తాననే మాట మంచిదే, కానీ ధర పడిన వారంలో వద్దు. ముందు ఆయన పక్కన కూర్చుని లెక్కలు విను.

గదిలో పిల్లలు కొండకు వెళ్లొచ్చి ప్రసాదం పెడితే ఏం చేయాలన్నది ఇంకో ఉత్తరానికి సరిపడా సంగతి. అప్పటిదాకా మర్యాద తప్పకు, వాదన పెట్టుకోకు.

వచ్చే ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం ఉంది. మనసులో ఏమీ అనిపించడం లేదని వెనక కూర్చోకు. రొట్టె నీ మనసు చూసి రాదు, చాపిన చేతిలోకి వస్తుంది. వెళ్లి తీసుకో. నోటుపుస్తకం నాకు చూపించనక్కర్లేదు, నీకూ ఆయనకూ మధ్య ఉండనీ. క్రిస్మస్‌కు వచ్చేటప్పుడు మాత్రం రెండు రోజులు ఎక్కువ సెలవు పెట్టుకుని రా.

నీ పెద్దమ్మ