జ్యామితిలో వింటినారి ఉందా?

సందేహం: ‘జామెట్రీ’ అనే ఇంగ్లీషు మాట మన ‘జ్యామితి’ నుంచే పుట్టిందని వాట్సాప్‌లో తిరుగుతోంది. నిజమేనా? జ్యా అంటే వింటినారి కదా, కొలతలతో దానికేం పని? రాయవలసింది జ్యా అనా, జ్య అనా?
– ఒక లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి

సమాధానం: వాట్సాప్ వ్యుత్పత్తుల జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాను. అడిగింది పంతులుగారు కనుక ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను.

గ్రీకులో ‘గే’ అంటే భూమి, ‘మెట్రాన్’ అంటే కొలత. నైలు నది కోసుకుపోయిన పొలాలను మళ్ళీ కొలవడంలోంచి ఈ విద్య ఈజిప్టులో పుట్టి గ్రీసుకు వచ్చిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే రాశాడు. మన పూర్వులు క్షేత్రగణితమన్నారు. 18వ శతాబ్దంలో జగన్నాథ సామ్రాట్టు గ్రీకు గణితజ్ఞుడు యూక్లిడ్ గ్రంథాన్ని అరబ్బీ నుంచి సంస్కృతంలోకి తెచ్చి ‘రేఖాగణితం’ అని పేరు పెట్టాడు. జ్యామితి అన్నది, ఇంగ్లీషు మాట చెవిలో మోగుతుండగా ఆధునికులెవరో కూర్చిన సమాసమని నా అనుమానం. బిడ్డను పట్టుకుని తల్లికి తల్లంటే ఎలా?

కూర్చినవారు గడుసువారే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో జ్యా రెండుచోట్ల ఉంది. ‘క్షోణిర్జ్యా కాశ్యపీ క్షితిః’ అన్నచోట భూమి. ‘మౌర్వీ జ్యా శింజినీ గుణః’ అన్నచోట అల్లెతాడు, అంటే మీరన్న వింటినారి. జ్యామితిలో ఉన్నది మొదటిది.

నాకు ముచ్చటైనది మాత్రం రెండోది. వృత్తంలో ఒక ముక్క చాపం, దాని రెండు కొనలను కలిపే గీత జ్య, నడుమ నిలిచేది శరం. విల్లు, తాడు, బాణం – ఒక్క బొమ్మలో మూడూ ఉన్నాయి. ఆర్యభటుడు తాడులో సగాన్ని, అంటే అర్ధజ్యను పట్టుకున్నాడు. క్రీ.శ. 499 నాటి మాట. 24 అర్ధజ్యల మధ్య తేడాలను ‘మఖి భఖి ఫఖి’ అంటూ ఒక్క పద్యంలో కుక్కాడు. ఆయన లెక్కలో అక్షరాలే అంకెలు: మ అంటే 25, ఖి అంటే 200, వెరసి 225. భ 24 కనుక తర్వాతిది 224. ఫ 22 కనుక ఆపైది 222. ఎక్కాలకే సెల్‌ఫోను తీసే ఈ రోజుల్లో ఇది మంత్రంలా వినబడితే తప్పు పద్యానిది కాదు.

పలికి పలికి ‘అర్ధ’ రాలిపోయింది, జ్య మిగిలింది. దానికే జీవ అని మరో పేరు. అరబ్బులు దాన్ని ‘జీబ’ చేసుకున్నారు. వారి రాతలో హ్రస్వాచ్చులకు గుర్తులు పెట్టకపోవడం మామూలు. మనం గుణింతం లేకుండా ‘పల’ అని రాస్తే పాలనుకోవాలో పులనుకోవాలో తెలియనట్టే, తర్వాతివారు ఆ రాతను ‘జైబ్’ అని చదివారు. జైబ్ అంటే రొమ్ము దగ్గరి బట్ట మడత. 12వ శతాబ్దంలో లాటినులోకి మార్చినవారు ఆ మడతకు తమ మాట ‘సైనస్’ పెట్టారు. అదే మీరు త్రికోణమితి పాఠంలో నల్లబల్ల మీద రాసే సైన్. ఆ జైబే పారసీ, ఉర్దూల మీదుగా మనకూ వచ్చింది: జేబు! సైన్ తీటా రాసి సుద్దముక్క జేబులో వేసుకున్నప్పుడు రెండూ ఒకే మాట అని పిల్లలకు చెప్పి చూడండి.

ఇక దీర్ఘం సంగతి. రమా రమ అయినట్టు తెలుగులో జ్యా జ్య కావాలి. కానీ ఏకాక్షరం, ఒంటరిగా జ్య అంటే చెవికి ఆనదు. పాఠ్యపుస్తకాలు జ్యా అంటున్నాయి, నేను పట్టుబట్టను. సమాసంలో జ్యామితికి దీర్ఘం తప్పదు. టీవీలో వినబడే ‘జామితి’ని మాత్రం ఒప్పుకోను, అది జామకాయల కొలత.

సైన్‌ను తిరిగి జ్య అనవచ్చునా అంటే, శాస్త్రరీత్యా అనవచ్చు. అయితే మన పాఠాల్లో జ్యా అంటే నిండు తాడు, ఆర్యభటుడిది సగం తాడు. పిల్లలు తికమకపడతారేమో, అది మీరే చూసుకోవాలి.