పాత గేమ్ కోడ్ గురించి రాస్తున్న కుర్రాడికి: బ్రేక్‌పాయింట్ ఎక్కడ పెట్టాలి?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చదివాను. కమొడోర్ 64 అనే పాత హోమ్ కంప్యూటర్ గేమ్ ఒకటి తీసుకుని, దాని లోపల ఏం జరుగుతోందో తెలుగులో చెప్పాలన్న ఆలోచన బాగుంది. ఒక్క పేరా మాత్రం నమ్మబుద్ధి కాలేదు. "శత్రువు తగలగానే ఈ రొటీన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) ఒక లైఫ్ తగ్గిస్తుంది" అన్నావు. లిస్టింగ్, అంటే కోడ్ రాసి ఉన్న కాగితం, చూసి ఊహించి రాసినట్టుంది. ఆ పాత మెషీన్‌ని నేటి కంప్యూటర్‌లో అనుకరించే వైస్ ఎమ్యులేటర్ నీ దగ్గరే ఉంది కదా, గేమ్‌ను ఆపి చూడాల్సింది.

ఎక్కడ ఆపాలన్నదే అసలు చిక్కు. కొత్తవాళ్లు అనుమానం ఉన్న కోడ్ మీద బ్రేక్‌పాయింట్, అంటే ప్రోగ్రాం అక్కడికి రాగానే ఆగే గుర్తు, పెడతారు. ప్రోగ్రాం అక్కడ ఆగితే "చూశారా, నేను చెప్పిందే" అనుకుంటారు. అక్కడికి వచ్చిందని తెలిసిందే తప్ప, లైఫ్ తగ్గించింది అదేనని తేలలేదు. అందుకే నువ్వు కోడ్ మీద కాదు, డేటా మీద కాపలా పెట్టు. మూడు లైఫ్‌లున్నప్పుడు మెమరీ మొత్తం ఒక ఫైల్లోకి సేవ్ చెయ్యి. రెండున్నప్పుడు ఇంకోటి, ఒకటున్నప్పుడు మరోటి. ఆ ఫైళ్లను పోల్చి, ప్రతిసారీ సరిగ్గా ఒకటి తగ్గిన బైట్లను ఏరు. విలువ 3, 2, 1 అనే ఉండాలని లేదు, కొందరు సున్నా నుంచి లెక్కపెడతారు. 1024 నుంచి 2023 లోపు అడ్రస్ దొరికితే తొందరపడకు, అది మామూలుగా స్క్రీన్ మెమరీ. నువ్వు పట్టుకున్నది తెర మీద కనిపించే అంకె మాత్రమే కావచ్చు.

మిగిలిన అడ్రస్ మీద స్టోర్ వాచ్‌పాయింట్, అంటే అక్కడ ఏదైనా రాయగానే ఆపే కాపలా, పెట్టి ఆడు. వైస్‌లో ఈ ఆదేశాలిచ్చే మానిటర్ అంకెలన్నిటినీ హెక్స్‌గా (పదహారు ఆధారంగా) చదువుతుంది, దశాంశంలో ఇస్తే ముందు ప్లస్ గుర్తు ఉండాలి. ఇది మర్చిపోయి ఎమ్యులేటర్‌ని తిట్టుకునేవాళ్లు చాలామంది.

ఆగాక ప్రోగ్రాం కౌంటర్ (ప్రాసెసర్ ఎక్కడున్నదో చెప్పే రిజిస్టర్) చూపించేది నీకు కావలసిన ఇన్‌స్ట్రక్షన్ కాదు, దాని తర్వాతిది. కమొడోర్ 64 ప్రాసెసర్‌ది 6502 కుటుంబం, అందులో ఇన్‌స్ట్రక్షన్ ఒక బైట్ ఉండొచ్చు, రెండు ఉండొచ్చు, మూడూ ఉండొచ్చు. అందాజుగా వెనక్కి వెళ్తే చెత్త కనిపిస్తుంది. సీపీయూ హిస్టరీ (ప్రాసెసర్ నడిపిన ఇన్‌స్ట్రక్షన్ల జాబితా) చూడు, ఎలా వచ్చిందో అందులో వరసగా ఉంటుంది. అక్కడ కనిపించిన కోడ్ నీ లిస్టింగ్‌లో లేకపోతే కంగారు పడకు. మెమరీ 64 కేబీ, ప్రాసెసర్ వేగం ఒక మెగాహెర్ట్జ్ అటూఇటూ. అంత ఇరుకులో రాసినవాళ్లు, నడుస్తున్న కోడ్‌లోని బైట్లనే మార్చేసేవాళ్లు. డిస్క్ మీద ఉన్నదీ, నడిచేదీ ఒకటి కానక్కర్లేదు.

ఇంటరప్ట్ రొటీన్‌లో, అంటే నడుస్తున్న పనిని మధ్యలో ఆపి నడిచే కోడ్‌లో, ఊరికే బ్రేక్‌పాయింట్ పెట్టకు. మామూలు కెర్నల్ (మెషీన్ ప్రాథమిక పనులు చూసే ప్రోగ్రాం) ఇంటరప్టే సెకనుకు 60 సార్లు వస్తుంది, గేమ్ ఆడేదెప్పుడు? ఫలానా రిజిస్టర్‌లో (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వలో) ఫలానా విలువ ఉంటేనే ఆగమని షరతు పెట్టొచ్చు. ఇంకోటి: 57344 నుంచి కెర్నల్ రోమ్ (చదవడమే తప్ప రాయలేని మెమరీ) ఉంది, కానీ అదే అడ్రస్‌ల కింద రాయగలిగే ర్యామ్ కూడా ఉంది. ఏది పైకి వచ్చిందో అడ్రస్ 1 లోని విలువ చెబుతుంది. మామూలుగా 55 ఉంటుంది. 53 ఉంటే కెర్నల్, బేసిక్ (మెషీన్‌లోనే ఉన్న ప్రోగ్రామింగ్ భాష) రెండూ పక్కకు తప్పుకున్నట్టు.

ఆ రోజుల్లో అసలు మెషీన్ మీద పనిచేసినవాళ్లకు ఇంత సుఖం లేదు. మానిటర్ ప్రోగ్రాం కోడ్‌లో ఒక బైట్ తీసేసి అక్కడ సున్నా, అంటే బీఆర్‌కే ఇన్‌స్ట్రక్షన్, పెట్టేది. గేమ్ తన బైట్లను కూడి సరిచూసుకునే రకమైతే దొంగ దొరికిపోయినట్టే. రోమ్‌లో అయితే రాయడమే కుదరదు. పైగా ప్రోగ్రాం ఆగినా టైమర్లు, తెర గీసే వీడియో చిప్ ఆగవు. టైమింగ్ తప్పు పట్టుకుందామని ఆపితే ఆ ఆపడంతోనే టైమింగ్ మారిపోయేది. ఎమ్యులేటర్‌లో అన్నీ కలిసి ఆగుతాయి. అడ్రస్ 56333లో ఉన్న టైమర్ చిప్ రిజిస్టర్ లాంటిదాన్ని చదివితేనే ఇంటరప్ట్ గుర్తులు చెరిగిపోతాయి, వైస్ మానిటర్ మాత్రం నువ్వు కోరితే తప్ప వాటిని కదపకుండానే చూపిస్తుంది. ఇవేవీ వ్యాసంలో పెట్టాలని కాదు. వాచ్‌పాయింట్ ఎక్కడ ఆగిందో, అప్పుడు రిజిస్టర్లలో ఏముందో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. చదివేవాడు తన ఎమ్యులేటర్‌లో అక్కడే ఆపి నీతో పోట్లాడగలగాలి.

డిస్క్ లోడర్ గురించిన భాగం ప్రస్తుతానికి పక్కన పెట్టు. కమొడోర్ డిస్క్ డ్రైవ్ 1541కి సొంత 6502 ప్రాసెసర్ ఉంది, అక్కడ బ్రేక్‌పాయింట్లు వేరేగా పెట్టాలి, అది ఇంకో వ్యాసం. ముందు లైఫ్‌ల పేరా తిరగరాసి పంపు. హిస్టరీలోని చివరి ఇరవై లైన్లు కూడా జతచెయ్యి.

నీ శ్రేయోభిలాషి