కొత్తిమీరలో సైక్లోస్పోరా: పీసీఆర్ 'లేదు' అంటే లేనట్టేనా?

ప్రశ్న: విదేశాలకు వెళ్లే ఆకుకూరలను పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కొత్తిమీరలో సైక్లోస్పోరా (విరేచనాలు కలిగించే, కంటికి కనిపించని పరాన్నజీవి) కోసం రియల్‌టైమ్ పీసీఆర్ (డీఎన్ఏను రెట్టింపు చేస్తూ వెతికే పరీక్ష) చేస్తున్నాం. పాజిటివ్ కంట్రోల్ ప్రతిసారీ చక్కగా వస్తోంది. నమూనాలన్నీ మాత్రం 'లేదు' అనే వస్తున్నాయి. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీరు రాసినంతవరకు చూస్తే నమ్మలేమమ్మా. పాజిటివ్ కంట్రోల్‌గా మీరు శుద్ధమైన డీఎన్ఏను నేరుగా వెల్‌లో (పరీక్ష జరిగే చిన్న గుంటలో) వేస్తున్నారనుకుంటాను. అది వచ్చిందంటే ప్రైమర్లు, ప్రోబ్ (వెతికే డీఎన్ఏను గుర్తుపట్టే చిన్న ముక్కలు), యంత్రం బాగున్నాయని అర్థం, అంతే. ఆకు మీది పరాన్నజీవి ఆ వెల్ దాకా చేరిందో లేదో అది చెప్పదు.

సాల్మొనెల్లా పరీక్షకు అలవాటుపడిన చేతులు ఇక్కడే దెబ్బతింటాయి. అక్కడ 25 గ్రాముల నమూనాను పోషక ద్రవంలో రాత్రంతా ఉంచితే, ఒకటీ అరా ఉన్న బ్యాక్టీరియా తెల్లారేసరికి కోట్లవుతుంది. సైక్లోస్పోరాను ల్యాబ్‌లో పెంచే మార్గం లేదు. ఆకు మీద పది ఊసిస్టులుంటే (మలంతో బయటికొచ్చే, గట్టి గోడ ఉన్న దీని గుడ్డులాంటి రూపం) మన చేతిలో ఉన్నవి ఆ పదే. ప్రతి మెట్టులోనూ తగ్గుతాయే గాని పెరగవు.

ఒక లెక్క వేసుకోండి. ఆ పదిలో సగం కడగడంలో, సెంట్రిఫ్యూజ్‌లో పోయాయనుకుందాం. మిగతా ఐదింటి డీఎన్ఏను 75 మైక్రోలీటర్లలోకి తీశారు. వెల్‌లో వేసేది 2 మైక్రోలీటర్లు. అంటే అందులో పడింది ఒక్క ఊసిస్టులో ఏడెనిమిదో వంతు! అందుకే ఒకే కాపీ ఉండే జన్యువును వెతకరు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ పద్ధతి మొదట 18ఎస్ జన్యువును ఎంచుకున్నదీ, తర్వాత మైటోకాండ్రియాలోని (కణంలో శక్తినిచ్చే భాగం) మిట్1సి అనే డీఎన్ఏ భాగం వైపు వెళ్లిందీ కాపీలు ఎక్కువగా ఉండే చోటు కావాలనే. మిట్1సికి ఇంకో మేలుంది: 18ఎస్ కొన్నిసార్లు దగ్గరి చుట్టాలైన ఇతర కాక్సీడియాలను (ఇదే కుటుంబపు పరాన్నజీవులను) కూడా పట్టుకుంటుంది, ఇది ఆ పొరపాటును బాగా తగ్గిస్తుంది. ఏ లక్ష్యమైనా ప్రతి నమూనాకు మూడు వెల్‌లు తప్పనిసరి.

ఇక కడగడం. నా ఉద్దేశంలో సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. నీళ్లు చల్లి తెచ్చిన కట్టల్లో జిగటగా కుళ్లిన ఆకులుంటే తీసేసి, 25 గ్రాములు ఫిల్టర్ సంచిలో వేసి, 0.1 శాతం ఆల్కోనాక్స్ (ల్యాబ్ డిటర్జెంట్) ద్రావణం పోయండి. వట్టి నీళ్లకు ఊసిస్టు ఆకును సరిగా వదలదు. సంచిని రాకర్ (ఊపే యంత్రం) మీద ఒక వైపు 15 నిమిషాలు, తిప్పి ఇంకో 15 నిమిషాలు మెల్లగా ఊపాలి. సంచిని నలిపే యంత్రమైన స్టమకర్‌లో మాత్రం వేయకండి. ఆకు నలిగి పసరు దిగితే అందులోని పాలీఫినాల్స్, చక్కెరల జిగురు తర్వాత పీసీఆర్‌ను అడ్డుకుంటాయి. కడిగిన నీరు ముదురు పచ్చగా ఉంటే అప్పుడే అనుమానించండి.

ఆ నీటిని 50 మి.లీ. ట్యూబుల్లో 2,000 జి (గురుత్వాకర్షణకు 2,000 రెట్లు) దగ్గర సెంట్రిఫ్యూజ్‌లో 20 నిమిషాలు తిప్పండి. ట్యూబు అడ్డంగా లేచి తిరిగే స్వింగ్ రోటర్ అయితేనే పెల్లెట్ (అడుగుకు దిగిన మడ్డి) అడుగున బొట్టులా కూర్చుంటుంది. వాలుగా ఉండే రోటర్‌లో గోడ పొడవునా పూసినట్టు అంటుకుంటుంది. పైనీటిని వంపేయకండి, పిపెట్‌తో తీస్తూ అడుగున 5 మి.లీ. వదిలేయండి. ఈ పెల్లెట్ గట్టి ముద్ద కాదు, వదులైన మడ్డి. చెయ్యి కాస్త కదిలితే లేచి పైనీటితో పాటు పోతుంది.

ఊసిస్టు గోడ కణాలను పగలగొట్టే లైసిస్ ద్రావణానికి ఒక్కదానికే లొంగదు. పూసలతో కొట్టించే యంత్రం ఉండాలి, మట్టి నమూనాల కోసం చేసిన డీఎన్ఏ కిట్ వాడాలి. ఇంత చేసినా అడ్డుపడే పదార్థాలు కొన్ని మిగులుతాయి. అందుకే ప్రతి వెల్‌లో ఇంటర్నల్ కంట్రోల్ (పీసీఆర్ అడ్డుపడకుండా నడిచిందని చూపే వేరే డీఎన్ఏ) పెట్టండి. దాని సీటీ విలువ (సంకేతం కనిపించిన సైకిల్ సంఖ్య) నమూనా డీఎన్ఏ వేయని వెల్‌తో పోలిస్తే 3 సైకిళ్లకు మించి వెనకబడితే ఆ 'లేదు' చెల్లదు. డీఎన్ఏను నాలుగో వంతుకు పలచన చేసి మళ్లీ నడపండి.

అన్నిటికంటే ముఖ్యం, ప్రతి బ్యాచ్‌లో ఒక కొత్తిమీర నమూనా మీద కావాలనే ఊసిస్టులు వేసి మొదటి మెట్టు నుంచి నడపడం. సైక్లోస్పోరా ఊసిస్టులు రోగుల మలం నుంచి తప్ప దొరకవు. వాటి బదులు కోళ్ల కాక్సీడియోసిస్ టీకాలోని ఐమీరియా ఊసిస్టులు వాడవచ్చు. మన పౌల్ట్రీ రైతులకు తెలిసిన జబ్బే అది. హీమోసైటోమీటర్ (కణాలు లెక్కించే గళ్ల గాజు పలక) మీద లెక్కబెట్టి ఒక నమూనాకు 200, ఇంకోదానికి 10 వేయండి. ఐమీరియాకు దాని ప్రైమర్లు వేరే కావాలి. ఐమీరియా ఊసిస్టులు సైక్లోస్పోరా కంటే (8–10 మైక్రాన్లు) పెద్దవి కనుక సులువుగా అడుగుకు చేరతాయి. కాబట్టి వాటి రికవరీని (వేసినవాటిలో తిరిగి దొరికిన వాటాను) మీ అసలు రికవరీ అనుకోకండి. 200 వేసినది కూడా తప్పిపోతుంటే నివేదికలివ్వడం ఆపి, ముందు సెంట్రిఫ్యూజ్ మెట్టును సరిచూడండి.

ప్రశ్న: పాజిటివ్ వస్తే పరాన్నజీవి బతికి ఉన్నట్టేనా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: కాదు బాబూ. చచ్చినదాని డీఎన్ఏ కూడా పీసీఆర్‌లో పెరుగుతుంది. అలాగని సరుకును వదిలేయలేం. మనిషి మలం తగిలిన నీరో మట్టో ఆ సరుకుకు ఎక్కడో అంటిందని అది చెబుతోంది. మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రపు కొత్తిమీరను 2015 నుంచి ఏప్రిల్–ఆగస్టు నెలల్లో అమెరికా అడ్డుకున్నదీ ఈ పరాన్నజీవి వల్లే. పాజిటివ్ వెల్‌లోని ఉత్పత్తిని సీక్వెన్సింగ్‌కు పంపి, జాతి ఖరారయ్యాకే నివేదిక రాయండి.

ప్రశ్న: ఇంట్లో ఉప్పునీళ్లలో నానబెడితే చాలా?
– ఒక గృహిణి, రాజమండ్రి

జవాబు: చాలదండీ. సైక్లోస్పోరా గోడను క్లోరిన్ నీళ్లే ఏమీ చేయలేవు. వేర్లు కోసేసి, రెమ్మలు విడదీసి, ధారగా పారే నీటిలో వేళ్లతో రుద్దుతూ కడిగితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పచ్చిగా నూరే పచ్చడికి బదులు ఆకును బాగా మగ్గబెట్టి నూరుకోండి. పులుసులో, చారులో అయితే దించాక చల్లకుండా, మరుగుతున్నప్పుడే వేయండి.